సంతకం తర్వాత మూడు రోజులు

హేగ్ నగరానికి సముద్రం వైపున స్టాటెన్‌క్వార్టీర్ అనే పేట ఉంది. 1900 ప్రాంతంలో కట్టిన ఇటుక ఇళ్లు, ఎత్తైన పైకప్పులు, చెట్ల వీధులు. అంతర్జాతీయ న్యాయస్థానం కొలువున్న శాంతిసౌధం ఒక పక్క, స్కెవెనింగెన్ రేవు ఇంకో పక్క. ఇలాంటిచోట నాలుగైదు పడగ్గదుల ఇల్లు అమ్మకానికి వస్తే పోటీ తప్పదు, పోటీ వెంట తొందర. డచ్ చట్టం కొనేవారికిచ్చిన రక్షణలు చాలావరకు ఆ తొందరలోనే చేజారుతాయి.

విదేశీయులు ఇల్లు కొనకూడదన్న నిషేధం నెదర్లాండ్స్‌లో లేదు. అలాగని, ఇల్లు కొన్నంత మాత్రాన అక్కడ ఉండే అనుమతీ రాదు.

ప్రకటనలో 8,95,000 యూరోలని ఉందనుకుందాం. సరిగ్గా అంతే ఇస్తానన్న మనిషికి ఇల్లు అమ్మితీరాలా? అక్కర్లేదు. ఇంటి ప్రకటన మామూలుగా బేరానికి పిలుపు మాత్రమేనని డచ్ సుప్రీంకోర్టు 1981 ఏప్రిల్ 10న తేల్చింది. ధరతో పాటు మిగతా షరతులూ, కొనేదెవరన్నదీ లెక్కలోకి వస్తాయంది.

ఉండటానికి ఇల్లు కొనే వ్యక్తికి నోటిమాట కట్టుబాటు కాదు, ఒప్పందం రాతలో ఉండాలి. 2003 సెప్టెంబర్ 1 నుంచి ఇదే చట్టం. సొంత ఇల్లు అమ్ముకునే వ్యక్తి కూడా ఈ నియమాన్ని వాడుకోవచ్చని సుప్రీంకోర్టు 2011 డిసెంబర్ 9న చెప్పింది. కాబట్టి శుక్రవారం ఫోన్లో ‘సరే, మీకే’ అన్నవారు సోమవారం మరొకరి వైపు తిరిగితే, ఆ ‘సరే’ను పట్టుకుని ఇల్లు సాధించడం కష్టం. అమ్మేవారి ఏజెంటు ఎంత మర్యాదగా మాట్లాడినా పనిచేసేది అమ్మేవారి కోసమే. కొనేవారు తమ తరఫున వేరే ఏజెంటును పెట్టుకోవడమే మేలు.

సంతకాలయ్యాక కొనేవారికి మూడు రోజుల గడువు ఉంటుంది. కారణం చెప్పకుండా, పైసా నష్టపరిహారం లేకుండా వెనక్కి తగ్గవచ్చు. అమ్మేవారికి ఈ వెసులుబాటు లేదు. ఒప్పందం ప్రతి చేతికందిన మర్నాటి నుంచి రోజులు లెక్కపెట్టాలి, అందులో కనీసం రెండు పనిదినాలు ఉండాలి. శుక్రవారం ప్రతి అందితే, మధ్యలో పండగ సెలవు లేకపోతే, గడువు మంగళవారం అర్ధరాత్రి దాకా సాగుతుంది. అందుకే ప్రతి ఏ రోజు అందిందో తెలిసేలా తేదీ వేసిన రసీదు దగ్గర ఉంచుకోవాలి. అదే ఇంటికి, అదే అమ్మకందారుతో ఆరు నెలల్లోపు మళ్లీ ఒప్పందం చేసుకుంటే ఈ హక్కు రెండోసారి రాదు.

గడువు దాటాక మిగిలే రక్షణ ఒప్పందంలో రాసుకున్న షరతులే. ‘ఫలానా తేదీలోపు ఇంత లోన్ రాకపోతే రద్దు’, ‘ఇంజనీరు తనిఖీలో ఇంతకు మించిన మరమ్మతు తేలితే రద్దు’ అన్నవి వాటిలో ముఖ్యమైనవి. పోటీలో గెలవాలని లోన్ షరతును వదులుకునేవారు ఉన్నారు. బ్యాంకు ఖాతాలో పూర్తి డబ్బు లేనివారికి అది జూదమే. వాడుకలో ఉన్న నమూనా ఒప్పందాల ప్రకారం, మాట తప్పినవారు ధరలో 10 శాతం జరిమానా కట్టాలి. 9 లక్షల యూరోల ఇంటిపై అది 90,000 యూరోలు.

తెలిసిన లోపాన్ని అమ్మేవారు దాచకూడదు. అడగాల్సింది అడగడం, చూడాల్సింది చూడటం కొనేవారి బాధ్యత. పాత ఇళ్ల ఒప్పందాల్లో ‘ఇల్లు పాతది కాబట్టి కొత్త ఇంటి నాణ్యత ఆశించరాదు’ అన్న నిబంధన సర్వసాధారణం. ఆస్బెస్టాస్‌ను నెదర్లాండ్స్‌లో నిషేధించింది 1993లో, కాబట్టి దాని గురించీ ఒక నిబంధన ఉంటుంది. వాటి కింద సంతకం చేశాక ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇనుము గురించి ఫిర్యాదు చేస్తే వినేవారెవరు? ప్రశ్నలు రాతలో అడగాలి, జవాబులూ రాతలోనే తీసుకోవాలి.

అడగాల్సిన వాటిలో మొదటిది: నేల ఎవరిది? హేగ్‌లో కొన్ని ఇళ్ల కింద నేల మునిసిపాలిటీది. ఇల్లు కొనుక్కున్నా నేల మాత్రం కౌలు మీదే. ఆ కౌలు ఎంత, ఎప్పుడు మారుతుంది, ముందే కట్టేశారా అన్నది తేల్చుకోవాలి. పెద్ద ఇంటిని రెండు మూడు ఫ్లాట్లుగా చీల్చి ఉంటే యజమానుల సంఘం పద్దులు, మరమ్మతుల నిధి చూడాలి. తీరప్రాంత ఊళ్లలో ఇంకో చిక్కుంది: విడిదిగా మాత్రమే అనుమతించిన ఇంట్లో ఏడాది పొడవునా కాపురం ఉండనివ్వరు.

పన్నులోనూ ఇదే తేడా. తానే స్థిరంగా ఉండబోయే ఇంటికి బదిలీ పన్ను 2 శాతం. అద్దెకో, సెలవుల విడిదికో అయితే 2026 జనవరి 1 నుంచి 8 శాతం, అంతకుముందు మూడేళ్లు 10.4 శాతం. 9 లక్షల యూరోలకు 18,000 ఎక్కడ, 72,000 ఎక్కడ? 35 ఏళ్లలోపు వారికి ఈ పన్ను నుంచి ఒకసారి దక్కే మినహాయింపుకు 2025లో ఇంటి ధర పరిమితి 5,25,000 యూరోలు. విశాలమైన ఇల్లు ఆ గీత దాటే ఉంటుంది.

మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో టైటిల్ మంచిచెడ్డలు కొనేవారే చూసుకోవాలి. నెదర్లాండ్స్‌లో నోటరీ చూస్తారు. తాకట్టులు, అటాచ్‌మెంట్లు తనిఖీ చేసి, డబ్బు తమ ప్రత్యేక ఖాతాలో ఉంచుకుని, దస్తావేజు రాసి భూమి రికార్డుల సంస్థ కడాస్టర్‌లో నమోదు చేయిస్తారు. ఇల్లు కొనేవారి పేరుకు మారేది ఆ నమోదుతోనే, తాళాలతో కాదు. డచ్ రానివారు దుబాసీ కావాలని అడగాలి. సంతకానికి ముందే ఖర్చు మాట్లాడుకోవాలి.

కొనేవారికి ఇండియాలోని అమ్మానాన్నలు డబ్బు సర్దితే ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు ఆర్‌బీఐ పరిమితి. కొన్నేళ్లకు కుటుంబం హైదరాబాద్ తిరిగొచ్చేస్తే? నెదర్లాండ్స్‌లో నివసిస్తున్నప్పుడు కొన్న ఇంటిని ఉంచుకోవడానికి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) 6(4) సెక్షన్ అనుమతిస్తుంది. అయితే ‘రెసిడెంట్ అండ్ ఆర్డినరిలీ రెసిడెంట్’ అయ్యాక ఆదాయపు పన్ను రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఆ ఇంటిని చూపాలి. అద్దె రాకపోయినా సరే. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.