తలకు దెబ్బ తగిలిన ఆటగాడికి విటమిన్ మాత్రలా?

కబడ్డీలో కూతకు వెళ్ళిన కుర్రవాడి తలకు అవతలివాడి మోకాలు తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. స్కోరెంతో మర్చిపోయాడు. స్కానింగులో ఏమీ కనబడకపోయినా ఇది మెదడుకు తగిలిన దెబ్బే. దీనినే కంకషన్ అంటారు. పుర్రె లోపల మెదడు కుదుపుకు గురై, దాని పని కొంతకాలం తారుమారవుతుంది.

మన కనిగిరి వైపు తల్లిదండ్రులు చాలామంది "బలానికి బి-కాంప్లెక్స్ సూది వేయండి డాక్టరుగారూ" అంటారు. విటమిన్ లోపం ఉన్నవారికి అది మంచిదే. కాని కంకషన్‌ను నయం చేస్తుందని ఏ విటమిన్ గాని, చేపనూనె గాని రుజువు కాలేదు. అలా చెప్పి అమ్మేవారిని నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరించింది. మెదడుకు మంచిదని వాడే సిటికోలిన్‌ను (దాని ఖరీదు కొన్నవారికి తెలుసు!) తలకు గాయమైన 1,213 మంది మీద జరిపిన పరిశోధనలో 90 రోజులు పరీక్షించారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మేలేమీ లేదని 2012లో తేలింది.

డబ్బు పోతే పోయింది. 'మందు వేసుకున్నాను గదా' అని మరునాడే బరిలోకి దిగటం అసలు ప్రమాదం. మెదడు కోలుకోకముందే మళ్ళీ దెబ్బ తగిలితే, అరుదుగానైనా, మెదడు వాచి పిల్లల ప్రాణం పోవచ్చు. 2020లో కాన్‌బెర్రా మ్యాచ్‌లో హెల్మెట్‌కు బంతి తగిలిన జడేజా బదులు చాహల్‌ను దించింది ఈ భయంతోనే.

కాబట్టి ఆ రోజు ఆట మానిపించండి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి, టీవీ, సెల్‌ఫోను తగ్గించి, తరువాత మెల్లగా నడక మొదలుపెట్టించండి. డాక్టరు చూసి సరేనన్నాకే ఆట. తలనొప్పికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు. పదే పదే వాంతులైనా, మగత ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా, ముక్కు, చెవుల నుండి నీరు గాని రక్తం గాని కారినా తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి తీసుకురండి.