ఇంటి యజమాని బాధ్యత: సెప్టిక్ ట్యాంకు, మురుగు గొట్టాలు

చదవవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 21:33-34; ద్వితీయోపదేశకాండము 22:8; 23:12-14



వానలు మొదలైతే మన తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "దొడ్లో నీళ్లు దిగడం లేదండీ." దాని వెనుకే ఇంకొక మాట: "ఇద్దరు మనుషుల్ని పిలిచి ట్యాంకులోకి దింపితే సరి." మొదటి మాటకు సులువైన మందు ఉంది. రెండవ మాట మాత్రం ప్రాణాలు తీస్తుంది. అందుకే ఈ నెల పాఠము దీని మీద.

ట్యాంకు ఎందుకు నిండుతుంది?

సెప్టిక్ ట్యాంకులో బరువైన మలినం అడుగున బురదగా చేరుతుంది. నూనె, జిడ్డు పైన తెట్టుగా తేలుతాయి. మధ్యలోని నీరు ఇంకుడు గుంటలోకి పోతుంది. బురద పెరిగే కొద్దీ నీటికి చోటు తగ్గుతుంది. మనది డెల్టా నేల. వానాకాలంలో భూగర్భజలం పైకి వస్తుంది కాబట్టి ఇంకుడు గుంట నీటిని పీల్చుకోలేదు. అందుచేత రెండు మూడేళ్లకొకసారి, అదీ ఎండాకాలంలోనే, ట్యాంకు తీయించుకోవడం మంచిది.

ఒక్క తూము దగ్గరే నీరు నిలిస్తే అడ్డు ఆ గొట్టంలోనే ఉందని అర్థం. ఇంట్లో అన్నిచోట్లా నీరు ఆగినా, గుడగుడ శబ్దం వచ్చినా అడ్డు పెద్ద లైనులో ఉండవచ్చు, లేదా ట్యాంకు నిండి ఉండవచ్చు. ముందు చాంబరు మూత తీయించి చూపించండి.

నిర్లక్ష్యము వలన వచ్చే జబ్బులు

పొంగిన మురుగు బావిలోకి, బోరులోకి, పగిలిన కుళాయి గొట్టంలోకి చేరితే టైఫాయిడ్, కామెర్లు, కలరా, నీళ్ల విరేచనాలు వస్తాయి. గోదావరి జిల్లాల వారికి బోదకాలు కొత్త కాదు. ఆ క్రిమిని మోసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలోనే గుడ్లు పెడుతుంది. మూత సందులను సిమెంటుతో మూయించండి. గాలి గొట్టం చివర సన్నని జాలీ కట్టండి. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ.

ట్యాంకులో కనిపించని శత్రువు

మలినం కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వాయువులు పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కుళ్లిన గుడ్ల వాసన ఉంటుంది. అది గాలికంటే బరువు కాబట్టి లోపలే నిలిచి ఉంటుంది. ఎక్కువ మోతాదులో అది ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది. వాసన పోయింది, ప్రమాదం పోయింది అనుకుని దిగిన మనిషి రెండు మూడు శ్వాసలకే కూలిపోవచ్చు. అతణ్ణి కాపాడాలని దిగిన అన్న, తమ్ముడు, ఇంటి యజమాని కూడా ఒకరి వెనుక ఒకరు చనిపోయిన సంఘటనలు మన దేశంలో అనేకం.

కొందరు దీపం దించి చూస్తారు. దీపం ఆరకపోయినా లోపల విషవాయువు ఉండవచ్చు. పైగా మీథేన్ అంటుకుని పేలవచ్చు. కాబట్టి ట్యాంకు దగ్గర దీపం, అగ్గిపుల్ల, బీడీ పనికిరావు.

చట్టము ఏమి చెబుతుంది?

2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి, మురుగు లైనులోకి దింపడం నేరం. ఇది ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. మొదటిసారికి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ పనిలో చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

2014 నాటి తీర్పు వెనుక సఫాయి కర్మచారి ఆందోళన్ పోరాటం ఉంది. దాని నాయకుడు బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయన తండ్రి చేసినది ఈ పనే. 2016లో విల్సన్ గారికి రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ట్యాంకు తీయించేటప్పుడు

1. మునిసిపాలిటీలో గాని, పంచాయతీలో గాని అడిగి, అనుమతి ఉన్న ట్యాంకరునే పిలవండి. ఇందుకోసం 14420 అనే ఫోను నెంబరు కూడా ఉంది.
2. పైన నిలబడి గొట్టంతో లాగే యంత్రమే కావాలని ముందుగానే చెప్పండి. అడుగు బురద గట్టిపడితే నీళ్లు కొట్టి కలపాలి. మనిషి దిగకూడదు.
3. పనివారికి చేతి తొడుగులు, బూట్లు ఉన్నాయా చూడండి. పని అయ్యాక సబ్బు, నీళ్లు, తాగడానికి మంచినీళ్లు ఇవ్వండి.
4. పిల్లలను దూరంగా ఉంచండి. మూత గట్టిగా వేసే వరకు అక్కడే ఉండండి.
5. తీసిన మలినం ఎక్కడ పోస్తారో అడగండి. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరుల నీరు చేరేది కొల్లేటికే. కాలువలో పోసిన మలినం ఇంకొకరి చెరువుకో, తాగునీటికో చేరుతుంది.

ఇంట్లో జాగ్రత్తలు: వంటనూనె, జుట్టు, పాత గుడ్డలు, శానిటరీ ప్యాడ్లు గొట్టంలో వేయవద్దు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఎన్నడూ కలపవద్దు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

ఎవరైనా లోపల పడిపోతే

మీరు దిగవద్దు. 101కు, 108కు ఫోను చేయండి. నడుముకు తాడు ముందే కట్టి ఉంటే పైనుండి లాగండి. బయటికి తీశాక గాలి తగిలే చోటికి చేర్చండి. శ్వాస లేకపోతే, తెలిసినవారు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. కోలుకున్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకురండి. ఊపిరితిత్తులలో నీరు తరువాత చేరవచ్చు.

ముగింపు

పాళెము వెలుపల మలమును పూడ్చమని దేవుడు ఇశ్రాయేలీయులకు నేర్పించాడు. మేడకు పిట్టగోడ కట్టమన్నాడు. గుంట మూయని వాడు, అందులో పడిన ఎద్దుకు సైతం నష్టము చెల్లించాలన్నాడు. ఎద్దు విషయములోనే ఇంత లెక్క ఉంటే, మన గుంటలోకి మనమే దింపిన మనిషి మాటేమిటి? యంత్రానికి అయ్యే నాలుగు డబ్బులు ఎక్కువనిపించినప్పుడు, ఇంటి దగ్గర అతని కోసం ఎదురుచూసే పిల్లలను తలంచుకొనండి.

కుటుంబముగా మాట్లాడుకొనండి

1. మన ట్యాంకు ఎప్పుడు తీయించాము? మూత పిల్లల బరువుకు ఆగుతుందా?
2. బావికి, బోరుకు అది ఎంత దూరంలో ఉంది? (60 అడుగులకు తగ్గకుండా ఉండడం మంచిది. తక్కువైతే నీళ్లు కాచి తాగండి.)
3. మన వీధి శుభ్రం చేసే వారి పేరు మనకు తెలుసా?