పాత కంప్యూటర్ కొంటానంటున్న మేనల్లుడికి

హైదరాబాద్

చిరంజీవి నానికి,

ఇంగ్లండ్ నుంచి ఒక పాత జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ తెప్పించుకుంటానంటున్నావు, అన్నయ్యేమో డబ్బు దండగ అంటున్నాడు. నన్ను మధ్యలోకి లాగావు. పైగా, ఆ రబ్బరు మీటలు, క్యాసెట్ తిరుగుతుంటే టీవీ అంచుల్లో పరిగెత్తే రంగుల చారలు వీడియోల్లో చూసి, "ఆ రోజుల్లో పుట్టి ఉంటే ఎంత బాగుండేది అత్తా" అని రాశావు. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

ఆ రోజుల్లో పుట్టినా, మనింట్లో పుట్టి ఉంటే నీకు స్పెక్ట్రమ్ దక్కేది కాదురా. 1982 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ దాన్ని విడుదల చేసింది. 16కె మెమరీ ఉన్నది 125 పౌండ్లు, 48కె ఉన్నది 175. అక్కడి పిల్లలు హాల్లో టీవీకి తగిలించుకుని ఆడారు, ఆడుతూ ఆడుతూ సొంతంగా రాయడం మొదలుపెట్టారు. 1983లో మానిక్ మైనర్ అనే ఆట రాసిన మాథ్యూ స్మిత్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. దాని తర్వాతి రూపమైన స్పెక్ట్రమ్ ప్లస్ కొన్నాళ్లకు లైసెన్సు మీద మన దగ్గరికి వచ్చింది కానీ, నెల జీతం మీద నడిచే ఇళ్లకు అది అందేది కాదు.

మాకు కంప్యూటర్ దక్కింది బడిలోనే. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అని ఒక పథకం పెట్టి బడులకు బీబీసీ మైక్రోలు పంపింది. బ్రిటన్‌లో బీబీసీ తన కంప్యూటర్ పాఠాల కార్యక్రమాల కోసం ఏకార్న్ అనే సంస్థతో చేయించిన యంత్రం అది. మా బడిలో దానికొక గది, ఆ గదికి ఏసీ. హెడ్మాస్టరు గారి గదిలో కూడా లేని ఏసీ! చెప్పులు బయట విడిచి, కాళ్లకు దుమ్ము లేకుండా తుడుచుకుని లోపలికి వెళ్లాలి. స్విచ్ వేస్తే ముందు మందంగా ఒక మోత, వెంటనే సన్నగా ఒక కూత. నల్లటి తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కె' అని పడి, కింద బాణం మొనలాంటి చిన్న గుర్తు వచ్చి ఆగిపోయేది. అంతే, ఇంకేమీ ఉండేది కాదు. ఐకాన్లు లేవు, ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. నువ్వు ఏదో ఒకటి టైపు చేసేదాకా అలాగే ఎదురుచూస్తుంది. మమ్మల్ని పట్టేసింది అదే.

మేం ఆడిన ఆటలు తక్కువ, రాసినవే ఎక్కువ. తెర మీద ఒక చుక్కను మీటతో అటూ ఇటూ నడిపిస్తే చాలు, క్లాసంతా మూగేది. రాస్తూ రాస్తూ ఉండగానే మెమరీ అంటే ఏంటో తెలిసొచ్చింది. పదహారు రంగుల మోడ్ 2 పెట్టుకుంటే 32కెలో 20కె తెరకే పోతుంది, ప్రోగ్రాముకు మిగిలేది గుప్పెడు. మోడ్ 7 అయితే తెరకు 1కె చాలు, కానీ అందులో అక్షరాలూ గళ్ల బొమ్మలే. రంగులు కావాలా, ఆట పెద్దది కావాలా అని పద్నాలుగేళ్ల పిల్లలం కొట్టుకునేవాళ్లం. యంత్రం మొత్తం మా బుర్రలో పట్టేది కాబట్టి ఆ తగవు పెట్టుకోగలిగాం.

ఆ 32కెలో ఎంత పట్టించవచ్చో చూపిన ఎలైట్ అనే ఆట గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వు. అది నేను చాలా ఏళ్ల తర్వాత, పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్‌లో ఆడాను. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థులు బీబీసీ మైక్రో కోసం రాశారు. అంతరిక్షంలో ఓడ నడుపుతూ, సరుకు కొని అమ్ముతూ, దొంగలతో పోరాడుతూ తిరగాలి. ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 లోకాలు. 32కెలో అన్ని లోకాలు ఎక్కడ దాచారు? ఎక్కడా దాచలేదు. మూడు సంఖ్యలు పెట్టుకుని, ఆ మూడింటినీ కూడి కొత్త సంఖ్య పుట్టించి, ఆ వరసలోంచే ప్రతి లోకానికీ చోటు, ప్రభుత్వం, జనాభా అన్నీ లెక్కగట్టారు. పేర్లు కూడా రెండేసి అక్షరాల ముక్కలు అతికించినవే. ఎప్పుడు లెక్కవేసినా అవే సంఖ్యలు వస్తాయి కాబట్టి, నువ్వు వదిలి వెళ్లిన లోకం తిరిగొచ్చేసరికి అలాగే ఉంటుంది.

ఎలైట్ తెర చూడు. పైన అంతరిక్షం నలుపూ తెలుపుల్లో సన్నటి గీతలతో ఉంటుంది, కింద మీటర్లు రంగుల్లో ఉంటాయి. ఆ యంత్రం మామూలుగా తెరంతా ఒకే మోడ్‌లో చూపిస్తుంది. వీళ్లు టైమర్ పెట్టి, టీవీ కిరణం పైనుంచి గీసుకుంటూ మీటర్ల దగ్గరికి వచ్చే క్షణానికి మోడ్ మార్చేశారు. సెకనుకు యాభై సార్లు! మొదటిసారి ఇది అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీ స్పెక్ట్రమ్ కూడా అంతే. తెర మీద 256 అడ్డం, 192 నిలువు చుక్కలు. చుక్కకు ఒక బిట్ చొప్పున 6144 బైట్లు. రంగులు మాత్రం చుక్క చుక్కకూ ఇవ్వలేదు, ఎనిమిదికి ఎనిమిది గడికి రెండే రంగులు, వాటికి 768 బైట్లు. అందుకే ఎర్ర గోడ ముందు నుంచి నీలం బొమ్మ నడిస్తే ఆ గడి మొత్తం రంగు మారిపోతుంది. నువ్వు "అదే ముద్దొస్తుంది" అన్నావు చూడు, ఆ మరకకు కారణం ఈ లెక్కే. 1984లో నైట్ లోర్ అనే ఆట చేసినవాళ్లు గదికి ఒకే రంగు పెట్టి ఆ గొడవే లేకుండా చేసుకున్నారు, లోతు కనిపించే గదులు గీశారు. ఇప్పటికీ చూడచక్కగా ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇదీ: ఆ ఆటల మీద నాకున్న బెంగ నా బడిది, నా స్నేహితులది. అది నీకు రాదు, రాకపోతే లోటు కూడా లేదు. నువ్వు తీసుకోవలసింది ఆ మనుషులు యంత్రాన్ని అడుగంటా తెలుసుకున్న తీరు. బీబీసీ మైక్రోలోని ప్రోగ్రామింగ్ భాష బీబీసీ బేసిక్ రాసిన సోఫీ విల్సన్ కొత్త ప్రాసెసర్ ఎలా ఉండాలో ముందు ఆ బేసిక్‌లోనే నమూనా నడిపించి చూసుకుంది. 1985లో తయారైన ఆ చిప్పు పేరు ఆర్మ్. నీ ఫోన్లో నడుస్తున్నది దాని సంతతే.

కాబట్టి డబ్బు ఇప్పుడే పంపకు. ఎమ్యులేటర్ పెట్టుకో. స్టీవెన్ వికర్స్ రాసిన స్పెక్ట్రమ్ మాన్యువల్ దొరుకుతుంది, ప్రతి ఉదాహరణా టైపు చేస్తూ మొదటి నుంచి చదువు. కాపీ చేసి అతికించకు. ఎలైట్ సోర్స్ కోడ్‌ను మార్క్ మాక్సన్ లైను లైనుకూ వివరణ రాసి అందరికీ అందుబాటులో పెట్టాడు, అది తర్వాత. ఆ మధ్యలో సొంతంగా ఒక చిన్న ఆట రాయి. ఒక్క గది, ఒక్క బొమ్మ, ఒక్క శత్రువు చాలు. 16కె మోడల్‌లో పట్టాలి. ఎన్ని బైట్లు దేనికి పోయాయో కాగితం మీద రాసుకో.

అప్పటికీ యంత్రం కావాలనిపిస్తే అన్నయ్యతో నేను మాట్లాడతాను. కానీ కొన్నాక తొందరపడి ప్లగ్ పెట్టకు. స్పెక్ట్రమ్ అడాప్టర్ తొమ్మిది వోల్టులది, పిన్ను లోపలి భాగం మైనస్, బయటిది ప్లస్. బజార్లో దొరికే చాలా అడాప్టర్లకు ఇది తలకిందులు, పెడితే బోర్డు పోతుంది. మీటల కింద పొర ఎండి విరిగిపోయి ఉంటుంది, కొత్తవి చేసి అమ్ముతున్నారు, దాంతో పాటే తెప్పించు. కొత్త టీవీలు దాని సిగ్నల్ పట్టుకోకపోవచ్చు, లోపల చిన్న మార్పు చేసి వీడియో నేరుగా బయటికి తీసుకోవాలి. నా దగ్గరికి పట్టుకురా, కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త కెపాసిటర్లు కొని, పాతబడినవాటిని ఇద్దరం కూర్చుని మార్చుకుందాం.

ఆట పూర్తయ్యేదాకా ఆగకు. రాసినంత వరకు లిస్టింగ్ పంపు, బైట్ల లెక్క కాగితం కూడా ఫోటో తీసి పంపు. అన్నయ్యకీ, వదినకీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అత్త