బోర్ల పోటీలో ఆధిపత్య వ్యూహం
ఎదుటివారు ఏం చేసినా మనకు ఎక్కువ లాభమిచ్చే ఎత్తుగడే ఆధిపత్య వ్యూహం. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో బోర్ల పోటీ చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది.

పక్కపక్క చేన్ల రైతులు ఇద్దరు. లాభాల అంకెలు ఊహాజనితం. ఉన్న బోర్లతోనే సరిపెట్టుకుంటే చెరో 5. ఇద్దరూ ఇంకా లోతుకు వేస్తే ఖర్చులు పోను చెరో 3. ఒకరే వేస్తే వారికి 7, రెండోవారికి 1. ఇప్పుడు పక్క రైతు నిర్ణయాన్ని కదలకుండా పట్టుకోండి. ఆయన వేయకపోతే మనకు 5 కంటే 7 మేలు. వేస్తే 1 కంటే 3 మేలు. రెండుసార్లూ ‘వేయడమే’. ఆయన లెక్కా అంతే. ఫలితం 3, 3. ఏ ఒక్కరూ తామొక్కరే ఎత్తుగడ మార్చి లాభపడలేని ఈ స్థితే నాష్ సమతుల్యత. 5, 5 చేజారిందన్నది నిజమే, కానీ ఒక్కరే ఆగితే ఎండేది వారి చేనే! 1950లో ఆల్బర్ట్ టక్కర్ పేరుపెట్టిన ‘ఖైదీల సందిగ్ధం’ ఇదే. కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేసిన 2002 నాటి వాల్టా చట్టం ఈ అంకెలను మార్చే ప్రయత్నం.

పరీక్షల్లో అభ్యర్థులు తడబడేది మాత్రం మరోచోట. ప్రతి ఆటలోనూ ఆధిపత్య వ్యూహం ఉండదు. మదనపల్లె టమాటానే చూడండి: అందరూ నాటితే ధర పడిపోతుంది, నాటకపోవడం మేలు, ఎవరూ నాటకపోతే నాటడం మేలు. ఎదుటివారిని బట్టి జవాబు మారిందంటే, ఆప్షన్లలో ‘ఏదీ లేదు’ వైపు చూడాలి.