గ్యాసు అని పంపెయ్యకు బిడ్డా

మంథని

చిరంజీవి చిన్నికి,

చెన్నూరు దవాఖానలో నర్సుగా డ్యూటీలో చేరినవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషమైంది. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు పడుతున్నాయట కదా, అందుకే ఒక సంగతి వివరంగా చెబుదామని రాస్తున్న. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతవు. కాగితం మీద ఉంటే మళ్లీ తీసి చూసుకోవచ్చు.

2004 డిసెంబరులో మన మంథని పాత ఎమ్మెల్యే పీవీ గారు గుండెపోటు తర్వాత కన్నుమూసినప్పుడు ఆయనకు 83 ఏళ్లు. గుండెపోటంటే అట్లా పెద్ద వయసు వాళ్లకో, షుగరు, బీపీ ఉన్న మగవాళ్లకో వచ్చేదని మనోళ్ల లెక్క. 2023 జనవరిలో కుప్పం పాదయాత్రలో నటుడు తారకరత్న కుప్పకూలినప్పుడు ఆయన వయసు 39. అప్పటి నుంచి చిన్న వయసువాళ్లు భయపడుతున్నరు గానీ, నొప్పి వచ్చిన రాత్రి మాత్రం ఇప్పటికీ సోడానే తాగుతరు. ఇక ఆడమనిషైతే, అందులో సన్నగా ఉంటే, ఇంటివాళ్లే కాదు, ఒక్కోసారి దవాఖానవాళ్లు కూడా గ్యాసు గోళీ ఇచ్చి పంపేస్తరు.

అట్లాంటివాళ్లకూ గుండెపోటు ఎట్లా వస్తుందో చెబుత. గుండె రక్తనాళం లోపలి గోడకు ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. రక్తం గోడకు అంటకుండా, గడ్డ కట్టకుండా కాపాడేది అదే. ఆ పొర కింద ఏళ్ల తరబడి కొవ్వు చేరి ప్లాక్ తయారవుతుంది. ప్లాక్ మీది మూత పలచబడి పగిలి, లోపలి కొవ్వు రక్తానికి తగిలి గడ్డ కడుతుందని నీకు క్లాసులో చెప్పి ఉంటరు. అది నిజమే, ఎక్కువ గుండెపోట్లు అట్లనే వస్తయి. కానీ అన్నీ కాదు. ఇంకో రకంలో ప్లాక్ పగలదు. దాని మూత గట్టిగానే ఉంటుంది, లోపల కొవ్వూ తక్కువే ఉండొచ్చు. గోడ కూలకుండానే సున్నం పెచ్చు ఊడినట్టు, పైనున్న ఆ పలచని పొర ఒకచోట రాలిపోతుంది. కింది పదార్థం రక్తానికి తగలగానే ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుంటయి. తెల్ల రక్తకణాలు తమలోని డీఎన్ఏ పోగులను వదిలి ఆ గడ్డను ఇంకా బిగిస్తయి. దీన్నే ప్లాక్ ఎరోజన్ అంటరు. గుండెపోటు రోగుల్లో ముగ్గురు నలుగురికి ఒకరిది ఈ రకమేనని రక్తనాళం లోపలికి ఓసీటీ అనే కాంతి పరీక్ష పెట్టి చూసినవాళ్లు చెబుతున్నరు.

ఇది ఎవరికి వస్తుందన్నది నువ్వు మనసులో పెట్టుకోవాలె. మన దేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన పాథాలజిస్టు రేణు విర్మానీ, ఆమె తోటివాళ్లు 1996లో ఒక పరిశోధన ప్రచురించినరు. గుండె రక్తనాళంలో గడ్డ కట్టి హఠాత్తుగా చనిపోయిన 50 మంది గుండెలను పరీక్షిస్తే, 22 మందిలో ప్లాక్ పగలనేలేదు, ఎరోజనే. ఆ 22 మందిలో సగం ఆడవాళ్లు. సగటు వయసు 44. ప్లాక్ పగిలినవాళ్ల సగటు వయసు 53. యాభై లోపు ఆడవాళ్లలో, పొగ తాగేవాళ్లలో ఎరోజన్ ఎక్కువని ఆ తర్వాత వచ్చిన పరిశోధనలూ చెప్పినయి. రక్తనాళం అంతకుముందు పెద్దగా ఇరుకై ఉండకపోవచ్చు కాబట్టి, మొన్ననే చేయించుకున్న ట్రెడ్‌మిల్ పరీక్ష బాగుందన్నా కూడా ధీమాగా ఉండొద్దు.

నేను దవాఖాన సర్వీసులో ఉండగా నాట్ల కాలంలో ఒకామె వచ్చింది. నలభై కూడా లేవు, బక్క మనిషి. అంతకుముందే ఒకచోట చూపించుకుంటే గ్యాసన్నరట. "ఛాతీల నొస్తలేదమ్మా, రెక్క గుంజుతుంది, దవడ లాగుతుంది" అన్నది. ఫ్యాన్ కింద కూర్చున్నా జాకెట్టు తడిసేంత చెమట. మొదటి ఈసీజీలో ఏమీ తేలలేదు. నొప్పి తగ్గలేదు కాబట్టి మంచం దిగనియ్యకుండా మళ్లీ తీసినం. రెండోదాంట్లో మార్పు కనబడ్డది. డాక్టరు గారు వెంటనే కరీంనగర్ పంపించినరు. ఆమె బతికింది. రెండో ఈసీజీ తియ్యకుంటే పొద్దున ఇంటికి పోయేది.

అందుకే చెబుతున్న. దవడ నుంచి బొడ్డు దాకా ఎక్కడ పట్టేసినట్టున్నా, చెమటలు, వాంతి, దమ్ము కలిసి వచ్చినా, వయసు అడగకముందే ఈసీజీ తియ్యి. మనిషి గడప దాటిన పది నిమిషాల్లో అది డాక్టరు చేతిలో ఉండాలె. మొదటిది బాగుండి నొప్పి ఆగకపోతే పావుగంటకో అరగంటకో మళ్లీ తియ్యి. ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా మొదటి గంటల్లో మామూలుగా ఉండొచ్చు, కాబట్టి కొన్ని గంటలకు మళ్లీ చేయించాలని గుర్తు చెయ్యి. డాక్టరు చెప్పంగనే ఆస్పిరిన్ నమిలించు, మింగిస్తే ఆలస్యం. ఈసీజీలో ఎస్‌టీ లేచి ఉండి, రెండు గంటల్లో యాంజియోప్లాస్టీ అయ్యే దారి లేకపోతే గడ్డ కరిగించే ఇంజక్షన్ సంగతి డాక్టరే నిర్ణయిస్తరు. నీ పని వాళ్లకు నిమిషం కూడా వృథా కాకుండా చూడటం. డ్యూటీ ఎక్కంగనే ఈసీజీ మిషన్‌లో కాగితం ఉందా, లీడ్లు సరిగ్గున్నయా చూసుకో.

టైముకు చేరితే కొందరికి స్టెంట్ లేకుండానే మేలు కావొచ్చని ఇంకో ముచ్చట వింటే తెలుస్తది. చైనాలోని హార్బిన్‌లో ఎరోజన్ అని తేలిన 60 మందికి స్టెంట్ వెయ్యకుండా ఆస్పిరిన్, టికాగ్రెలార్ ఇచ్చి చూసిన పరిశోధన 2017లో అచ్చయింది. నెల తిరిగేసరికి 47 మందిలో గడ్డ సగానికి పైగా తగ్గింది. ఎవరికి స్టెంట్, ఎవరికి మందులన్నది కార్డియాలజిస్టు చూసుకుంటరు. వాళ్ల దాకా రోగిని బతికించి పంపేది నీలాంటోళ్లే.

చివరిగా బీడీ, సిగరెట్ సంగతి. ఆ పలచని పొరను పాడు చేసేవాటిల్లో పొగ ముందుంటది. ఇంట్లో ఒకరు తాగితే పక్కన పీల్చేవాళ్లకూ గుండె జబ్బు ముప్పు పాతిక శాతానికి పైగా పెరుగుతుంది. మానేస్తే ఏడాదికే తాగేవాళ్లకుండే అదనపు ముప్పు సగానికి దిగుతుంది. డిశ్చార్జి కాగితం ఇచ్చేటప్పుడు ప్రతి ఇంటివాళ్లకూ ఈ మాట చెప్పు. మీ అన్నకు కూడా చెప్పు. వాడు నా మాట వినడు గానీ, యూనిఫారంలో ఉన్న చెల్లెలు చెబితే వింటడు.

దసరాకు తప్పకుండా రా.

ఇట్లు
మీ పెద్దమ్మ