తీగపై పిట్ట

శావల్యాపురం వంటి పల్లెల్లో పొలాల మీదుగా సాగే 11,000 వోల్టుల విద్యుత్తు తీగలపై కాకులు, గువ్వలు నిశ్చింతగా వాలుతాయి. వాటికి ప్రమాదమెందుకు వాటిల్లదు?

విద్యుత్తు ప్రవహించాలంటే రెండు బిందువుల మధ్య పొటెన్షియల్ భేదముండాలి. పక్షి రెండు కాళ్లూ ఒకే తీగపై ఉండుటచేత వాటి మధ్య ఆ భేదం దాదాపు శూన్యం. అందువల్ల విద్యుత్తు పక్షి దేహంలోకి మళ్లక, నిరోధం అత్యల్పమైన తీగలోనే సాగిపోతుంది. అదే పక్షి రెక్క రెండవ తీగకో, ఇనుప స్తంభానికో తగిలితే ప్రాణాపాయం తప్పదు. రెక్కలు విశాలమైన పెద్ద పక్షులకు ఈ ముప్పు అధికం.

మానవుడు నేలపై నిలిచి తీగను తాకితే విద్యుత్తు అతని దేహం ద్వారా భూమిలోకి ప్రవహిస్తుంది. కనుక పొలంలో తెగిపడిన తీగ కనిపించినప్పుడు, పిట్టకు కాని ఆపద తనకేమవుతుందని రైతు దానిని ముట్టరాదు. దూరంగా నిలిచి, ఇతరులను వారించి, విద్యుత్తు సిబ్బందికి తెలియజేయాలి.