సీరియల్ పోర్టు పలకనప్పుడు: చేయవలసినవి - చేయకూడనివి

కొత్త ల్యాప్‌టాప్‌లలో సీరియల్ పోర్టు కనబడదు. కానీ సర్వర్ కన్సోళ్లు, నెట్‌వర్క్ స్విచ్‌లు, యూపీఎస్‌లు, తూకం యంత్రాలు, ల్యాబ్ పరికరాలు ఎన్నో ఇప్పటికీ దాని మీదే ఆధారపడ్డాయి. లినక్స్, సొలారిస్ లాంటి యూనిక్స్ కంప్యూటర్లో అది పలకకపోతే చెయ్యి ముందు కేబుల్ మీదికో, రీబూట్ మీదికో పోతుంది. కేబుల్ అవతలి కొసన నడుస్తున్న యంత్రం ఉందన్న సంగతి మరిచిపోతాం. అందుకే చూసే పనులన్నీ ముందు, ముట్టుకునే పనులు తర్వాత. పోర్టును తెరవడం కూడా ముట్టుకోవడమే: తెరవగానే డీటీఆర్ సిగ్నల్ పైకి లేస్తుంది, ఆర్డుయినో యూనో లాంటి బోర్డులు దానికే రీసెట్ అవుతాయి.

చేయవలసినవి

1. అవతల ఏముందో తెలుసుకోండి. మోటారు, యూపీఎస్, రోగికి అమర్చిన పరికరం లాంటివి ఉంటే వాటి బాధ్యులకు చెప్పి, వాళ్లు సరేనన్నాకే మొదలుపెట్టండి.

2. పోర్టు ఉందో లేదో, మీకు అనుమతి ఉందో లేదో చూడండి. డెవ్ డైరెక్టరీలో దాని పేరు మీద ఎల్‌ఎస్ -ఎల్ కొడితే వరుసలో మొదటి అక్షరం సీ అని రావాలి. డెబియన్, ఉబుంటులలో అనుమతి డయల్‌అవుట్ గ్రూపుకు, ఆర్చ్‌లో యూయూసీపీ గ్రూపుకు ఉంటుంది. మీ యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.

3. కెర్నెల్ ఏమంటోందో చదవండి. యూఎస్‌బీ అడాప్టర్‌ను ఊడదీసి మళ్లీ పెడితే టీటీవై‌యూఎస్‌బీ0 కాస్తా టీటీవై‌యూఎస్‌బీ1 కావచ్చు; డీమెసేజ్‌లో అది తెలుస్తుంది. బోర్డు మీది పోర్టులకైతే రూట్‌గా ప్రాక్/టీటీవై/డ్రైవర్/సీరియల్ ఫైలు చూడండి. యూఆర్ట్ అన్‌నోన్ అని ఉంటే ఆ పేరు వెనక హార్డ్‌వేర్ దొరకలేదన్నమాట. ఎఫ్‌ఈ (ఫ్రేమింగ్ ఎర్రర్ల) లెక్క పెరుగుతుంటే ముందు స్పీడును అనుమానించండి.

4. పోర్టు ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. ఎఫ్‌యూజర్ గానీ, ఎల్‌ఎస్‌ఓఎఫ్ గానీ ఆ ప్రోగ్రామ్‌ను చూపిస్తుంది. లాగిన్ కోసం కాచుకున్న గెట్టీ, కొత్త పోర్టులను తడిమి చూసే మోడెమ్‌మేనేజర్ తరచుగా పట్టుబడతాయి. ఉబుంటు 22.04లో సీహెచ్340 అడాప్టర్ పెట్టగానే మాయమైతే, బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే బీఆర్‌ఎల్‌టీటీవైని అనుమానించండి.

5. ఆ తర్వాతే ఎస్‌టీటీవైతో సెట్టింగులు చూడండి. స్పీడు, డేటా బిట్లు, పారిటీ రెండు వైపులా ఒకటే ఉండాలి. మూడు తీగల కేబుల్ పెట్టి సీఆర్‌టీఎస్‌సీటీఎస్ ఆన్ చేస్తే, రాని సీటీఎస్ సిగ్నల్ కోసం డేటా ఆగిపోతుంది. సీలోకల్ ఆఫ్‌లో ఉండి క్యారియర్ సిగ్నల్ లేకపోతే పోర్టు తెరవబోయిన ప్రోగ్రామ్ అక్కడే నిలిచిపోతుంది. తెర బిగుసుకుపోతే ఒకసారి కంట్రోల్-క్యూ నొక్కండి. ఎవరో పొరపాటున కంట్రోల్-ఎస్ నొక్కి ఉండవచ్చు.

6. చివరగా లూప్‌బ్యాక్ పరీక్ష. కేబుల్ తీసి, తొమ్మిది పిన్నుల పోర్టులో 2, 3 పిన్నులు కలపండి. ఫ్లో కంట్రోల్, లోకల్ ఎకో ఆపి మినికామ్‌లో టైపు చేయండి. అక్షరాలు తిరిగి వచ్చి, పిన్నులు విడదీయగానే ఆగిపోతే పోర్టు బాగున్నట్టే; కేబుల్నో, అవతలి పరికరాన్నో చూడాలి.

చేయకూడనివి

1. ఆర్‌ఎస్-232 తీగను నేరుగా రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు పిన్నులకు కలపకండి. ఆ తీగలో వోల్టేజి ప్లస్, మైనస్ 15 దాకా ఉండవచ్చు. ఆ బోర్డు పిన్నులు 3.3 వోల్టులకు మించి ఓర్చుకోలేవు. మధ్యలో మ్యాక్స్3232 లాంటి లెవెల్ కన్వర్టర్ తప్పనిసరి.

2. యూపీఎస్‌కు చేతికందిన సీరియల్ కేబుల్ పెట్టకండి. ఏపీసీ స్మార్ట్-యూపీఎస్ పాత మోడళ్లలో పిన్నుల అమరిక వేరు. మామూలు కేబుల్ తగిలిస్తే యూపీఎస్ ఆగిపోయి, దాని మీదున్న సర్వర్లన్నీ పడిపోవచ్చు.

3. సన్ స్పార్క్ సర్వర్ కన్సోల్ కేబుల్‌ను ఆలోచించకుండా పీకకండి, అవతలి టెర్మినల్‌ను ఆపకండి. దాన్ని బ్రేక్ సిగ్నల్‌గా తీసుకుని సొలారిస్ ఉన్నచోటే ఆగి ఓకే ప్రాంప్ట్ రావచ్చు. వస్తే కంగారుపడి రీసెట్ చేయకండి. గో అని కొడితే చాలాసార్లు ఆగినచోటి నుంచే నడుస్తుంది.

4. సీహెచ్‌మాడ్ 777తో అందరికీ తలుపు తెరవకండి. అది మీ అసలు లోపాన్ని కప్పేస్తుంది, పైగా రీబూట్‌తో చెరిగిపోతుంది.

5. పోర్టు ఉందని తేలకుండా రూట్‌గా దానిలోకి ఎకో చేయకండి. ఆ పేరుతో పోర్టు లేకపోతే షెల్ అక్కడ మామూలు ఫైలు సృష్టిస్తుంది. ఎర్రర్ రాదు, డేటా మాత్రం ఎక్కడికీ పోదు.

6. మరో ప్రోగ్రామ్ వాడుతున్న పోర్టును క్యాట్‌తో చదవకండి. దానికి రావలసిన అక్షరాలు కొన్ని మీరు మింగేస్తారు.

7. పిన్నులు కలిపేటప్పుడు పక్కవాటిని తాకనివ్వకండి. కొన్ని బిల్లింగ్ కౌంటర్ కంప్యూటర్లలో 9వ పిన్నులో 5 లేదా 12 వోల్టుల కరెంటు ఉంటుంది.

8. ఉరుములు, మెరుపుల వేళ రెండు భవనాల మధ్య సాగిన సీరియల్ కేబుల్‌ను ముట్టుకోకండి. రెండు చోట్లా ఎర్త్ ఒకే స్థాయిలో ఉండకపోవచ్చు కూడా. అలాంటి చోట ఐసొలేటర్ వాడాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, పాత విలువ రాసిపెట్టుకోండి. మధ్యలో గెట్టీని గానీ, ఇతర సర్వీసులను గానీ ఆపి ఉంటే, పోర్టు పలికాక వాటిని తిరిగి నడపండి. లేకపోతే కన్సోల్ ద్వారా లాగిన్ కావలసిన అత్యవసరం వచ్చిన రోజున బాగున్న పోర్టే మళ్లీ పలకదు.